మొదటి గిన్నె

చిరంజీవి పండుకి అమ్మమ్మ ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు అక్కడ వేళకి తింటున్నావనీ, చెవులకి ఉన్ని టోపీ పెట్టుకునే బయటికి వెళ్తున్నావనీ తలుస్తాను. మొన్న నువ్వు ఫోన్లో "అమ్మమ్మా, ఈసారి థాంక్స్‌గివింగ్ భోజనం నా గదిలోనే పెడుతున్నాను, పదిమంది దాకా వస్తారు, ఏం వండాలో చెప్పు" అన్నావు చూడు, అప్పట్నుంచీ నాకు నిద్ర సరిగా పట్టడం లేదురా. సంతోషం కొంత, బెంగ కొంత. ఇక్కడున్నన్నాళ్ళూ పాలు పొంగుతుంటే కూడా పుస్తకంలోంచి తలెత్తేవాడివి కాదు, అక్కడ ఆ మిషిగన్ చలిలో ఒక్కడివీ పదిమందికి వండి వడ్డిస్తానంటున్నావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకని కాగితం మీద పెడుతున్నాను. మీ తాతయ్య పక్కనే పడక్కుర్చీలో కూర్చుని, నేను రాసిన ప్రతి ముక్కా పైకి చదివించుకుంటున్నారు, మధ్యమధ్యలో "అది కూడా రాయవే" అంటున్నారు.

ఇక్కడ కార్తీకం వెళ్ళిపోయి మార్గశిరం వచ్చింది. సార్వా కోతలు నడుస్తున్నాయి. కాలవ గట్టు పొడుగునా కోసిన వరి వాసన, పొద్దున్నే పల్చటి మంచు, సుబ్బారాయుడి షష్ఠికి తీర్థంలో పెట్టే జీళ్ళ కొట్లు, అన్నీ నీకు తెలిసినవే. జీళ్ళు పళ్ళకి అంటుకుంటాయని మీ అమ్మ వద్దంటే నువ్వు తాతయ్య చొక్కా జేబులో దాచుకుని, ఆ జేబు కాస్తా బెల్లం పాకంతో అట్టకట్టుకుపోయేది, గుర్తుందా? ఈ రోజుల్లో ఆకాశం కాస్త మబ్బేసిందంటే చాలు, తాతయ్య అరుగు మీదే నుంచుని తూర్పు వైపు చూస్తూ ఉంటారు. పంట కళ్ళం చేరి, ధాన్యం ఇంటికొచ్చేదాకా ఈయనకి అన్నం సయించదు. అలా వచ్చిన పంటలోంచి మంచి కంకులు ఏరి కుచ్చు కట్టి ముందు వసారాలో వేలాడదీస్తాం, పిచికలు తింటాయని. ఈ ఏడాది కుచ్చు తాతయ్యే అల్లారు. చేతులు కాస్త వణుకుతున్నాయి గానీ అల్లిక మాత్రం సడల్లేదు.

నువ్వు ఆ పండగ కథ చెప్పావు కదా, ఎక్కడినుంచో ఓడలో వచ్చినవాళ్ళు, మొదటి చలికాలంలోనే సగంమంది చచ్చిపోతే, ఆ నేలమీద పుట్టినవాళ్ళు వచ్చి మొక్కజొన్న ఎలా నాటాలో నేర్పితే, 1621లో ఆ పంట చేతికొచ్చాక అందరూ కలిసి కూర్చుని తిన్నారని. ఆ తర్వాత కాలంలో ఆ నేర్పినవాళ్ళ బిడ్డలకి ఏ గతి పట్టిందో, ఆ జాతివాళ్ళు 1970 నుంచీ ఇప్పటికీ అదే రోజున ప్లిమత్‌లో సంతాపదినం జరుపుకుంటారని కూడా చెప్పావు. నువ్వు అంత వివరంగా తెలుసుకుని, దాచకుండా నాకు చెప్పినందుకు నా మనసు నిండిందిరా. విత్తనం చేతిలో పెట్టినవాణ్ణి తర్వాత తరిమెయ్యడం కన్నా పెద్ద పాపం రైతు ఇంట్లో పుట్టినదాన్ని నాకు తెలియదు. నువ్వు విస్తరి ముందు కూర్చున్నప్పుడు ఆ మొక్కజొన్న నేర్పిన చెయ్యి ఎవరిదో ఒక్కసారి తలుచుకో, చాలు.

ఇక వంట. ముందు పప్పు. అక్కడ ఈ నెలలో ఎర్రటి పుల్లకాయలు సంచీలు సంచీలు అమ్ముతారని, క్రాన్‌బెర్రీ అంటారని, మన తెలుగువాళ్ళు వాటితో పప్పూ పచ్చడీ చేసుకుంటున్నారని చెప్పావు. ఫోటోలో చూస్తే అచ్చం మన వాక్కాయలే. శ్రావణ భాద్రపదాల్లో మన చేను గట్టు మీద ముళ్ళపొద నిండా కాసేవి, నువ్వు చేతులు గీరుకుంటూ కోసుకొచ్చేవాడివి, అవే. కాబట్టి వాక్కాయ పప్పు ఎలా చేస్తామో అలాగే చెయ్యి. కందిపప్పు ఒక గ్లాసు, కాయలు అరగ్లాసు మించకుండా. పప్పు ముందు మెత్తగా ఉడకనివ్వు, ఆ తర్వాతే కాయలు వెయ్యి. పులుపు ముందే పడిందంటే పప్పు ఎంతసేపు ఉడికించినా బద్ద బద్దగానే ఉండిపోతుంది. చింతపండు అక్కర్లేదు. పచ్చిమిరపకాయలు చీల్చి వెయ్యి, దించాక వెల్లుల్లి దంచి తాలింపు పెట్టు. తాలింపు పెట్టేముందు కిటికీ తెరువు నాయనా. పోయినసారి ఎండుమిరపకాయల ఘాటుకి ఆ పొగ గంట మోగి, మీ మేడలో అందరూ చలిలో కిందకి దిగారన్నావు, పాపం వాళ్ళల్లో పసిపిల్లలూ ఉంటారు కదా.

తర్వాత గుమ్మడికాయ దప్పళం. ఇది నువ్వు తప్పకుండా చెయ్యాలి, మిగతావి చేసినా చెయ్యకపోయినా సరే. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదువు. ఈ సంగతి మీ అమ్మ నీకు ఎప్పుడూ చెప్పి ఉండదు. తనకి ఆ రాత్రి గురించి మాట్లాడ్డం ఇష్టం ఉండదు.

1996 నవంబరు 6. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. మీ అమ్మ హైస్కూల్లో ఉంది, మీ మావయ్య చిన్నవాడు. సాయంత్రం నుంచీ ఈదురుగాలి. నవంబర్లో గాలులు మాకు కొత్త కాదు గనక అన్నం తినేసి పడుకున్నాం. రాత్రి బాగా పొద్దుపోయాక ఒక్కసారిగా ఇంటి పెంకులు లేచిపోవడం మొదలైంది. మధ్యగదిలో ధాన్యం బస్తాల నడుమ పిల్లలిద్దర్నీ కూలేసి, వాళ్ళ మీద పరుపు కప్పి, ఆ పరుపు మీద నేనూ తాతయ్యా వంగుని కూర్చున్నాం. తెల్లారి తలుపు తీస్తే అవతలి ఊరి గుడి కనపడింది. నా కాపురం మొదలయ్యాక మన పెరట్లోంచి ఆ గుడి ఎప్పుడూ కనపడలేదు, మధ్యలో కొబ్బరితోట అడ్డం ఉండేది. ఆ తోటంతా నేలమీద పడి ఉంది. కొబ్బరి మొక్క నాటితే కాయ చూడ్డానికి ఆరేడేళ్ళు ఆగాలి కదా, ముత్తాత నాటిన చెట్లు కూడా ఉండేవి అందులో. కాట్రేనికోన, ఐ.పోలవరం వైపు, సముద్రం ఒడ్డున భైరవపాలెం లాంటి పల్లెల్లో మనుషులే పోయారు, వెయ్యిమందికి పైగా. వేటకెళ్ళిన పడవలు ఎన్నో తిరిగి రాలేదు. మనం బతికి ఉన్నాం, అదే పెద్ద భాగ్యం.

నూతిలో బురదనీళ్ళు, కట్టెలన్నీ తడి, రోడ్డు మీద అడ్డదిడ్డంగా చెట్లు. ఆ పూట మన అరుగు మీదకి మొదట వచ్చింది దింపు తాతా, ఆయన భార్యా, ఇద్దరు పిల్లలూ. నువ్వు చిన్నప్పుడు దింపు తాత అనే పిలిచేవాడివి కదా, మన తోటలో కొబ్బరికాయల దింపులన్నీ ఆయనవే. వాళ్ళ పాక ఎగిరిపోయింది, అడుగున మట్టి గోడ కూడా మిగల్లేదు. అలాంటి మనిషి, చేతిలో మిగిలిన ఒకే ఒక్క వస్తువు ఆ కత్తి పట్టుకుని, పడిపోయిన చెట్ల గెలల మధ్య కూర్చుని, ఊళ్ళో ఎవరి పిల్లలని చూడకుండా వచ్చినవాళ్ళందరికీ బోండాలు కొట్టి నీళ్ళు పోశాడు. తాతయ్య "నువ్వు తాగావా" అని అడిగితే, "ముందు పిల్లలకండీ, ఆయ్" అన్నాడు. మధ్యాహ్నం దాటేదాకా ఆయన నోట్లో చుక్క పడలేదు.

ఆయన భార్య ఇంకో పని చేసింది. మన వంటింటి మూల పొడిగా మిగిలిన కొబ్బరి చిప్పలు పోగుచేసి, విరిగిన తలుపు చెక్కలు చీల్చి, పెద్ద తప్పేలా ఎక్కించింది. మన బస్తాల్లో తడవని బియ్యం కొంచెం, కరణంగారింటి నుంచి ఉప్పు, వడ్లబత్తుడి ఇంట్లోంచి ఉట్టి మీద బతికిపోయిన చింతపండు, మన అటక మీద పగలకుండా మిగిలిన గుమ్మడికాయలు రెండు. అన్నీ కలిపి బోండాం నీళ్ళతోనే ఉడికించింది. దానికి పేరేం లేదు. ఎవరింట్లో ఎవరు తినకూడదో అంతకు ముందురోజు దాకా లెక్కలు కట్టుకున్న ఊరు, ఆ పూట ఒకే తప్పేలాలోంచి తిన్నది. నాకు అది పండగ భోజనంలాగే గుర్తుంది. మీ అమ్మ మూడుసార్లు పెట్టించుకుంది.

ఆ మరుసటి ఏడాది నుంచీ నవంబరులో ఆ రోజు వచ్చిందంటే నేను గుమ్మడికాయ దప్పళం చేస్తాను. మొదటి గిన్నె ఇంట్లోవాళ్ళకి వడ్డించను, దింపు తాత వాళ్ళింటికి వెళ్ళాలి. నువ్వు ఆరేడేళ్ళప్పుడు ఆ గిన్నె రెండు చేతులా పట్టుకుని, మూత జారకుండా గెడ్డంతో అదిమి, గట్టు వెంట నడిచి వెళ్ళేవాడివి. ఎందుకు ఇస్తున్నామని నువ్వెప్పుడూ అడగలేదు, ఇవ్వడం ఈ ఇంటి మామూలు అనుకున్నావు. అడగకుండా మోసినందుకే నువ్వంటే నాకు అంత ముద్దు. ఆ గిన్నె ఏనాడూ ఖాళీగా తిరిగి రాలేదు, నాలుగు ములక్కాడలో, గుప్పెడు కరివేపాకో, ఏదో ఒకటి వేసి పంపేవాళ్ళు. దింపు తాత కాలం చేసి కొన్నేళ్ళయింది. ఆయన కొడుకు కూతురు ఇప్పుడు అమలాపురంలో నర్సింగు చదువుతోంది. ఈ ఏడాది గిన్నె ఆ పిల్లే వచ్చి తీసుకెళ్ళింది, నీ సంగతి అడిగింది, చెప్పమంది.

కాబట్టి దప్పళం చెయ్యి. అక్కడ ముఖాలు చెక్కే పెద్ద గుమ్మడికాయలు కొనకు, వాటిల్లో నీరే తప్ప రుచి ఉండదంటున్నావు. నువ్వు వీడియోలో చూపించిన ఆ సన్నమెడ బటర్‌నట్ బావుంటుంది. ముక్కలు కాస్త పెద్దవిగా తరుగు, లేకపోతే పులుసులో కరిగిపోతాయి. చిలగడదుంప, దొరికితే ఆనపకాయ, ములక్కాడ వెయ్యి. చింతపండు పులుసు చిక్కగా, బెల్లం చిన్న ముక్క, చివర్లో కాస్త బియ్యప్పిండి నీళ్ళల్లో కలిపి పొయ్యి. తాలింపులో మెంతులు ఎర్రబడాలి గానీ నల్లబడకూడదు. గుమ్మడీ చిలగడదుంపా ఆ దేశంవాళ్ళ పండగలోనూ ఉంటాయట కదా, వచ్చినవాళ్ళకి కొత్తగా అనిపించదు.

ఇప్పుడు మొదటి గిన్నె ఎవరికి అని నువ్వు అడుగుతావు, నాకు తెలుసు. ఎదురు వాటాలో ఉండే ఆ పెద్దావిడకి. నువ్వు వెళ్ళిన మొదటి చలికాలం పల్చటి జాకెట్టుతో బస్సు కోసం నుంచుంటే తన భర్త కోటు తెచ్చి నీ భుజాల మీద వేసిందే, ఆవిడ. ఆ కబురు ఫోన్లో విన్న రాత్రి నేను దేవుడి దగ్గర ఆవిడ పేరు చెప్పి దీపం పెట్టాను, పేరు సరిగా పలకడం రాకపోయినా. అందరితో పాటు పిలువు, సరే. కానీ అందరూ రాకముందే, నువ్వే తలుపు తట్టి, వేడిగా ఉండగా గిన్నె ఆవిడ చేతికివ్వు. కారం తినలేదు గనక ఆవిడ వాటా మిరపకాయలు వెయ్యకముందే తీసి పక్కన పెట్టు. ఆ గుజరాతీ అమ్మాయి వెల్లుల్లి తినదన్నావు, ఆమెకి వేరే మూకుట్లో ఇంగువ తాలింపు పెట్టు, వెల్లుల్లి వేసిన గరిటె అందులో ముంచకు. ఇవన్నీ వాళ్ళు వచ్చాక నలుగురిలో అడగొద్దు, ముందే కనుక్కుని ఉంచుకో. మనిషికి తన తిండి గురించి పదిమందిలో సంజాయిషీ చెప్పుకోవాల్సి రావడం చాలా చిన్నతనంగా ఉంటుందిరా.

పెట్రోలు బంకులో నీతో రాత్రి డ్యూటీ చేసే నేపాలీ అబ్బాయికి ఆ రోజు కూడా సెలవు లేదన్నావు కదా. అతనికి డబ్బా కట్టి ఉంచు. అందరూ తినగా మిగిలింది కట్టకు, వండిన వెంటనే తీసి పెట్టు.

మీ తాతయ్య ఇక్కడ "సీతమ్మగారి సంగతి రాయవే" అంటున్నారు. రాజోలు మీదుగా అంతర్వేది తీర్థానికి బస్సులో వెళ్ళేటప్పుడల్లా, పి.గన్నవరంలో ఆ అక్విడెక్టు దాటుతుంటే ఈయన నిన్ను ఒళ్ళో కూర్చోపెట్టుకుని చెప్పేవారు. కాటన్ దొర కాలంనాటి పాతదాని పక్కన కొత్తది కట్టాక దానికి డొక్కా సీతమ్మగారి పేరే పెట్టారు. ఆవిడ 1841లో మండపేటలో పుట్టింది, లంకల గన్నవరానికి కోడలిగా వచ్చింది, 1909లో పోయింది. ఆవిడ తండ్రి కూడా అన్నం పెట్టే చెయ్యే, ఊరంతా బువ్వన్న అనే పిలిచేవాళ్ళట. గోదావరి పాయలు దాటి వచ్చేవాళ్ళు ఏ వేళప్పుడు వచ్చినా ఆవిడ ఇంట్లో పొయ్యి వెలుగుతూ ఉండేదని మా అమ్మ చెప్పేది. ఒకసారి ఆవిడే అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరిందట. దారిలో ఎవరో పెళ్ళివారు ఆకలితో నడుస్తూ "ఇంకాస్త ఓర్చుకోండి, సీతమ్మగారింటికి చేరితే అన్నం దొరుకుతుంది" అని పిల్లల్ని ఊరడిస్తుంటే విని, స్వామి దర్శనం మానుకుని, వాళ్ళకంటే ముందు ఇల్లు చేరడానికి పల్లకీ వెనక్కి తిప్పించిందట. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి పిలుపొచ్చినా వెళ్ళలేదని, ఆవిడ ఫోటో తెప్పించుకుని కుర్చీలో పెట్టుకున్నారని చెబుతారు. నాకు రాజుగారి కుర్చీ కన్నా ఆ పల్లకీ వెనక్కి తిరగడమే ఎక్కువ ఇష్టం. 2024 నుంచీ బళ్ళల్లో మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టారు. మన ఊరి బళ్ళో గంట కొట్టగానే పిల్లలు కంచాలు పట్టుకుని పరిగెత్తే చప్పుడు ఇక్కడికి వినపడుతుంది.

తాతయ్య అలవాటు నీకు తెలుసు. కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చునే ముందు, ఒక్కసారి అరుగు మీదకి వెళ్ళి గట్టుకి ఇటూ అటూ చూసి వస్తారు, ఎవరైనా తినకుండా వెళ్తున్నారేమోనని. వాళ్ళ నాన్నగారు చూసేవారట. నిన్న వీడియోలో నువ్వు పళ్ళెం పట్టుకుని కూర్చోబోతూ, లేచి, గది తలుపు తీసి నడవాలోకి చూసి వచ్చావు. నువ్వు గమనించుకుని ఉండవు. నేనూ ఆయనా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

గారెలూ కోడికూరా చెయ్యి, మన సంక్రాంతికి లాగే. నీ స్నేహితుడు ఆ టర్కీ కోడి తెస్తానంటే వద్దనకు, అది వాళ్ళ ఇంటి వంట, ముందు దాన్నే వడ్డించు. మినప్పప్పు నాలుగు గంటలు నానితే చాలు, రాత్రంతా నానబెడితే గారె నూనె పీలుస్తుంది. మిక్సీలో రుబ్బేటప్పుడు నీళ్ళు చల్లాలి గానీ పొయ్యకూడదు, అవీ బాగా చల్లటివి. పిండి చిటికెడు తీసి నీళ్ళల్లో వేస్తే తేలాలి. బూరెలు మాత్రం ఈసారికి వద్దు. తోపు పలచబడితే పూర్ణం నూనెలోకి వచ్చేసి చిట్లుతుంది, చేతులు కాల్చుకుంటావు. వచ్చే వేసవిలో నువ్వు వచ్చినప్పుడు నా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుతాను. తీపికి లోటు లేదు, ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించి పంపుతున్నాను. వాటికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ ఊరి ఆడవాళ్ళ పని విలువ పదిమందికీ ఇంకా తెలిసింది. కుండ వీపు మీద తడిబట్టతో పిండి పరిచి, రెప్పపాటులో రేకు లాగుతారు, ఆ వేడికి వాళ్ళ వేళ్ళు ఎలా ఉంటాయో నేను చూశాను. తినేవాళ్ళకి ఆ సంగతి చెప్పి పెట్టు.

పార్శిల్లో పూతరేకుల డబ్బా పైన ఉంటుంది, దాని మీద ఏమీ పెట్టకు. కింద కురిడీ కొబ్బరి, ములక్కాడ ఆవకాయ, కంది పొడి. ఇంగువ సీసా మూడు కవర్లు చుట్టాను, అయినా వాసన వస్తే కంగారు పడకు. తాతయ్య తాటిబెల్లం కూడా పెట్టించారు, అది ఎదురు వాటా ఆవిడ టీలోకి. గిన్నెలన్నీ నువ్వొక్కడివే తోముకుంటూ తెల్లారేదాకా మేలుకోకు, నలుగురూ చెయ్యి వేస్తామంటే వెయ్యనీ. అందరూ వెళ్ళాక మాకు అప్పటికి పొద్దున్నే అవుతుంది, ఎంత వేళయినా ఫోను చెయ్యి, ఎవరెవరు వచ్చారో, ఎవరు ఏది రెండోసారి పెట్టించుకున్నారో అన్నీ వినాలి.

ఉంటాను.

ఆశీస్సులతో,
అమ్మమ్మ

తాతయ్య: కోటు వేసుకున్నావా?